ఇరవై ఒక్కేళ్ల యంత్రం

గురువారం పొద్దున బాదుడు వేసుకున్న పథకంలో గొడవకు ఎక్కడా చోటు లేదు. కాఫీ తాగడం, స్నేర్ డ్రమ్ము మీద అరిగిపోయిన పొర విప్పి కొత్తది బిగించడం, మధ్యాహ్నం ఓ కునుకు తీయడం, అంతే. శనివారం సాయంత్రం గాలిదుమారం బ్యాండు పాతికేళ్ల కచేరీ. ఆ పాతికేళ్లూ అందులో డ్రమ్ములు వాయించింది అతనే. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ బ్యాండు పెట్టిన మొదటివారమే ఎవరో బాదుడు అన్నారు. అప్పటినుంచి కరెంటు బిల్లు తప్ప అందరూ అతణ్ణి అలాగే పిలుస్తారు.

భోజనాల బల్లకు అటు చివర మామగారు కూర్చున్నారు. నలభై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఆయన రిటైరైనా ప్రెస్సువాళ్లు ఆయన్ని వదల్లేదు. వారానికి రెండు కట్టలు ఇంటికే పంపిస్తారు. అచ్చులో ఉన్నదే ఆయనకు నిజం. చుట్టాల్లో ఎవరో పోయారని ఫోనొస్తే, "పేపర్లో వేశారా?" అని కనుక్కుని, వేశారంటేనే బాధపడతారు.

"అల్లుడుగారూ, మీరు బ్యాండు మానేసి ఇరవై ఒక్కేళ్లయిందిట కదా?" అన్నారు మామగారు కాగితం మీంచి తల ఎత్తకుండానే.

బాదుడికి కాఫీ గొంతుకు అడ్డం పడింది. "ఎవడన్నాడండీ ఆ మాట?"

"ఎవడో అనడమేమిటి, అచ్చులో ఉంది. మీ బ్యాండు చరిత్రే. నలభై ఎనిమిది పేజీలు. శనివారం కచేరీకి వచ్చినవాళ్లందరికీ పంచుతారుట. పదిహేడో పేజీ, రెండో పేరా." ఆయన గొంతు సవరించుకుని చదివారు. "'మొదటి నాలుగేళ్లు డ్రమ్ములు వాయించిన వ్యక్తి ఆ తర్వాత బ్యాండులో కనిపించడు. అయిదో ఏటినుంచి నేటిదాకా మనం వింటున్నది డ్రమ్ముల యంత్రం. ఆ దరువులో మానవదోషం ఎక్కడా వినబడదు కనుక ఇందులో సందేహానికి తావులేదు.' వాక్యం శుభ్రంగా ఉంది. యంత్రంలో సున్నా కూడా సరిగ్గా పడింది."

చెప్పండి, ఒళ్లు మండదూ? ఇరవై ఒక్కేళ్లు! జ్వరంతో వాయించాడు, వేలు చితికినప్పుడు గుడ్డ చుట్టుకుని వాయించాడు, సొంత పెళ్లి అయిన మర్నాడు వాయించాడు. దరువు వెంట్రుకవాసి కూడా జరగకూడదని ప్రాణం పెట్టాడు. అలా ప్రాణం పెట్టినందుకు అసలు ప్రాణమే లేదని రాసిపారేశారు!

"మామగారూ, నేను మానెయ్యలేదు!"

"మీ పెళ్లయి ఎన్నేళ్లు?" అన్నారు మామగారు ఎర్ర పెన్సిలు కింద పెట్టి. "పద్దెనిమిది. అంటే మా అమ్మాయిని మీకిచ్చేనాటికే మీరు మానేసి మూడేళ్లయిందన్నమాట. కుర్రాడు బ్యాండులో ఉన్నాడని చెప్పి చేశారు సంబంధం. అచ్చులో చూపించండర్రా అని నేను అప్పుడే అన్నాను. నా మాట ఎవరు విన్నారు?"

బాదుడి భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. డ్యూటీకి తయారై, జడ వేసుకుంటూ గదిలోంచి బయటికొచ్చింది. "ఏవండీ, అయితే ఇన్నేళ్లూ శుక్రవారాలూ శనివారాలూ ఎక్కడికి వెళ్తున్నట్టు?"

నవ్వుతూనే అడిగింది. కానీ ఆ నవ్వు రోజూ ఉన్నంత వెడల్పుగా లేదు.

"ఎక్కడికేమిటే, కచేరీలకి! నువ్వే రెండుసార్లు వచ్చావు కదా!"

"వచ్చాను. మీ పాటగాడు జులపాలు జుట్టు చూశాను. పెద్ద పెద్ద ఇత్తడి పళ్లేలు రెండు చూశాను. వాటి వెనకాల మీరున్నారని ఇంటికొచ్చాక మీరే చెప్పారు." జడకు రబ్బరుబ్యాండు బిగించింది. "నా మొహం చూసి మా ల్యాబులో ఎనిమిదిమంది టికెట్లు కొన్నారండీ. వాళ్లకి ఆ పుస్తకం ఇస్తారు. మా ఆయన యంత్రమని చెప్పుకోనా, యంత్రం కూడా కాదని చెప్పుకోనా?"

బాదుడు మామగారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఆ పెన్సిలు మీ చేతిలోనే ఉంది కదండీ. ఆ మూడు వాక్యాలూ కొట్టెయ్యండి."

"కొట్టెయ్యనా?" ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నలభై ఏళ్లలో కొమ్ములు పెట్టాను, గుడులు విప్పాను, దీర్ఘాలు తీశాను. విషయం జోలికి మాత్రం పోలేదు. అక్షరం నాది, నిజం రచయితది. ఆయన సంతకం పెట్టిన చీటీ తెండి, మీకోసం పేజీ మొత్తం మార్పిస్తాను. సాయంత్రం నాలుగింటికి ఇది ప్రెస్సుకి వెళ్లిపోతుంది. నాలుగు దాటిందా, మీరు మానేసినట్టే."

కొత్త పొర డబ్బాలోనే ఉండిపోయింది. బాదుడు చెప్పులేసుకుని వీధిలో పడ్డాడు.

ఆ చరిత్ర రాసినాయన అభిమాన సంఘానికి కార్యదర్శి. పగటిపూట తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆయన ముద్ర పడనిదే ఊళ్లో ఏ త్రాసూ తూగదు. గది నిండా ఇత్తడి తూకంరాళ్లు, గుప్పెడంత దాని దగ్గర్నుంచి గోరంత దాని దాకా అరల్లో వరుసగా పేర్చి ఉన్నాయి. దొంగతూకం వేస్తూ పట్టుబడ్డ త్రాసుల్ని తాడుతో కట్టి, మెడలో చీటీలు వేసి ఒక మూల నిలబెట్టారు. బాదుడు తానెవరో చెప్పగానే ఇన్‌స్పెక్టరు ఒక్క ఉదుటున లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మొదటి నాలుగేళ్ల డ్రమ్మరుగారు! మీరు ఇంకా ఉన్నారన్నమాట! ఎంత సంతోషం! ఇప్పుడేం చేస్తున్నారు సార్?"

"డ్రమ్ములు వాయిస్తున్నాను!"

"భేష్. ఏ బ్యాండులో?"

"మా బ్యాండులోనేనయ్యా! గాలిదుమారంలో! నేనెప్పుడు మానేశాను?"

ఇన్‌స్పెక్టరు మొహంలో జాలి కనిపించింది. బీరువాలోంచి లావుపాటి ఫైలు తీశాడు. "కూర్చోండి. నేను గాల్లో రాతలు రాసే మనిషిని కాను. ఇవి మూడువందల పన్నెండు ఫొటోలు. అయిదో ఏటినుంచి ఒక్కదాంట్లో అయినా డ్రమ్ముల వెనక మనిషిని చూపించండి."

బాదుడు వెతికాడు. చెమటలు పట్టేదాకా వెతికాడు. అయిదో ఏట అతను ముచ్చటపడి రెండు పెద్ద సింబల్స్, అవే ఆ ఇత్తడి పళ్లేలు, కొనుక్కున్నాడు. సరిగ్గా ఆ ఏడే పాటలు పాడే జులపాలు క్షవరం మానేశాడు. మూడువందల పన్నెండు ఫొటోల్లో ఇటు ఇత్తడి, అటు జుట్టు. చివరికి ఒకదాంట్లో రెండింటి మధ్యా కాస్త చర్మం కనబడింది.

"ఇదిగో! ఇది నా మోచెయ్యి!"

"మోచెయ్యి ఎవరిదైనా కావచ్చు సార్. దానిమీద ముద్ర ఉండదు కదా?"

"రికార్డుల అట్టలు చూడండి మరి! వాటిమీద పేర్లుంటాయి!"

ఇన్‌స్పెక్టరు అట్టలన్నీ తీసి బల్లమీద పరిచాడు. నల్ల అట్ట మీద ముదురునీలం అక్షరాలు. అది జులపాలు ఆలోచన. చూడ్డానికి గంభీరంగా ఉంటుందన్నాడు అప్పట్లో. భూతద్దం పెట్టి చూసినా గంభీరంగానే ఉంది, ఒక్క పేరూ కనబడలేదు.

"ఇంకో సంగతి" అంటూ ఇన్‌స్పెక్టరు జేబులోంచి స్టాప్‌వాచీ తీశాడు. "నూట ఆరు పాటలు. ఒక్కోటి మూడేసిసార్లు కొలిచాను. మొదట్లో ఎంత వేగమో చివర్లోనూ అంతే. ఇరవై ఏళ్ల సర్వీసులో నేను తేడా లేని కొట్టు చూడలేదు. మంచివాడి తూకంలోనూ చిన్న తేడా ఉంటుంది, చెయ్యి కదా! అసలు తేడాయే లేదంటే అది చెయ్యి కాదు."

బాదుడు బల్లమీదున్న రెండు చెక్కస్కేళ్లు లాక్కున్నాడు. ఫైలు మీద మొదలుపెట్టాడు. అరల్లో తూకంరాళ్లు కూడా అదే దరువుకు టకటకలాడాయి. పక్కగదుల్లో గుమాస్తాలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు స్టాప్‌వాచీ నొక్కాడు. నిమిషానికి నూట ఇరవై దెబ్బలు. మళ్లీ నొక్కాడు, నూట ఇరవై. మూడోసారీ నూట ఇరవయ్యే. ఆయన కళ్లు చెమర్చాయి.

"అద్భుతం సార్! యంత్రాన్ని అచ్చుగుద్దినట్టు దింపేశారు! మానేశాక కూడా ఇంట్లో రికార్డులు పెట్టుకుని సాధన చేస్తున్నారన్నమాట. పాపం."

ఆ పాపం అన్నమాటతో బాదుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. స్కేళ్లు బల్లమీద విసిరికొట్టాడు. "ఎవరు చెబితే నమ్ముతారయ్యా మీరు?"

ఇన్‌స్పెక్టరు న్యాయమైన మనిషే. అదే అసలు తంటా. "బ్యాండువాళ్లలో ఒక్కరు చెప్పినా చాలు. ఇక్కడికిక్కడే చీటీ రాసి సంతకం పెట్టిస్తాను" అన్నాడు.

బాదుడు వెంటనే జులపాలుకు ఫోను చేశాడు. అవతల జులపాలు రేడియో స్టేషన్లో ఉన్నాడు. కచేరీ గురించి ఇంటర్వ్యూ ఇవ్వబోతున్నాడు. సంగతి విని పకపకా నవ్వాడు. "ఓస్, ఇంతేనా! ఒక్కడికి చెప్పడమేమిట్రా, ఊరు ఊరంతా వినేలా చెబుతాను. పదినిమిషాల్లో రేడియో పెట్టుకోండి."

పెట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరు కాగితం ముందేసుకుని, కలం మూత తీసి సిద్ధంగా కూర్చున్నాడు. జులపాలు ముందే చెప్పి ఉంచాడేమో, అటువైపు ఇంటర్వ్యూ చేసే అమ్మాయి అడగనే అడిగింది. "అయిదో ఏటినుంచి మీ డ్రమ్ములు వాయిస్తున్నది యంత్రమేనని ఒక మాట వినబడుతోంది. నిజమేనా?"

జులపాలుకు ఒక జబ్బుంది. సూటిగా అవుననో కాదనో చెబితే తన తెలివి వృథా అయిపోతుందని అతని బెంగ.

"యంత్రమేనండీ!" అన్నాడు హుషారుగా. "ముమ్మాటికీ యంత్రం! ఇరవై ఒక్కేళ్లలో ఒక్కరోజు చెడిపోలేదు. తిండి పెట్టకపోయినా నడుస్తుంది, తిట్టినా తిరిగి మాట్లాడదు. వెనకాల పడేసి మర్చిపోయినా దానిపని అది చేసుకుపోతుంది. అలాంటి యంత్రం దొరకడం మా అదృష్టం!"

"ఎంత నిజాయతీ అండీ మీది! ఇప్పుడొక పాట విందాం" అంది ఆ అమ్మాయి.

ఇన్‌స్పెక్టరు రేడియో కట్టేశాడు. బాదుడి కళ్లలోకి చూడలేక, కిందికి చూస్తూనే కాగితం మీద ఒక ముక్క రాసుకుని ప్రెస్సుకు ఫోను చేశాడు. "పదిహేడో పేజీకి ఫుట్‌నోటు రాసుకోండి. 'ఈ సంగతిని గాయకుడే స్వయంగా ఒప్పుకున్నాడు.'"

మెట్లు దిగుతుంటే బాదుడి ఫోను మోగింది. జులపాలు. "ఎలా ఉందిరా? కళ్లనీళ్లు తిరిగాయా?"

"తిరిగాయిరా! నీ మొహం మండ, బాగా తిరిగాయి!"

రేడియో విన్నవాడు వినకపోయినవాడికి చెప్పాడు, వినకపోయినవాడు ఇంకో నాలుగు కలిపి నలుగురికి చెప్పాడు. మూడయ్యేసరికి మేనేజరు ఆఫీసు ముందు వీధి కిటకిటలాడిపోయింది. ఆ ఆఫీసు ఓ టైర్ల దుకాణం పైన ఉంటుంది. అభిమానులు టైర్లమీదెక్కి నిలబడి "ఇరవై ఒక్కేళ్లు మమ్మల్ని వెర్రివాళ్లని చేశారా!" అని అరుస్తున్నారు. బాదుడు వాళ్ల మధ్యలోంచే తోసుకుంటూ వెళ్లాడు. ఒక్కడూ గుర్తుపట్టలేదు సరికదా, ఒకతను అతని భుజంమీద చెయ్యేసి "నువ్వూ మోసపోయావా అన్నా?" అని ఓదార్చాడు.

లోపల మేనేజరు తలపట్టుకుని కూర్చున్నాడు. కీబోర్డు వాయించేవాడూ, బేసు గిటారు వాయించేవాడూ కిటికీ తెర చాటున నక్కి ఉన్నారు. బాదుడు ఒక తెల్లకాగితం బల్లమీద పెట్టాడు. "నేను బ్యాండులోనే ఉన్నానని ఇద్దరూ రాసి సంతకం పెట్టండి. నాలుగు కాకముందే ప్రెస్సుకి చేరాలి."

కీబోర్డువాడు కాగితం వైపు చూసి నసిగాడు. "అన్నా, నాకు అబద్ధం రాయడం చేతకాదు. నేను కూర్చునేది పక్కకి తిరిగి. వేదిక మీద ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. వినబడేది, నిజమే. చూశావా అని ఎవరైనా నిలదీస్తే ఏం చెప్పను?"

"ఒరేయ్! బస్సులో ఇన్నేళ్లూ నా పక్క సీట్లో కూర్చున్నావు కదరా! నా భుజంమీద పడి గురకపెట్టావు కదరా!"

"బస్సులో ఉన్నావన్నా. బస్సులో ఉన్నట్టు రాసిమ్మంటే ఇప్పుడే ఇస్తా."

బాదుడు కాగితం బేసు గిటారువాడి ముందుకు తోశాడు. అతను మాత్రం మంచివాడు, కలం తీశాడు. మొదటి అక్షరం రాయబోతుండగా మేనేజరు ఎగిరొచ్చి కాగితం లాక్కున్నాడు. అప్పటిదాకా ఆయన ఒక చెవితో ఫోను వింటూనే ఉన్నాడు. టికెట్ల కౌంటరు దగ్గర్నుంచి ఫోను. శనివారం యంత్రమా మనిషా అని జనం అడుగుతున్నారట. మనిషైతే ఇంకా టికెట్లున్నాయా అని కూడా అడుగుతున్నారట. మేనేజరు మొహం ఒక్కసారిగా విప్పారింది. కిటికీ తలుపులు బార్లా తెరిచాడు.

"అభిమానులారా! శనివారం వేదిక మీద యంత్రం ఉండదు! మొదటి నాలుగేళ్లు మిమ్మల్ని ఉర్రూతలూగించిన మన పాత డ్రమ్మరు, ఇరవై ఒక్కేళ్ల తర్వాత, మీకోసం తిరిగి వస్తున్నాడు!"

వీధి దద్దరిల్లిపోయింది. టైర్ల మీదున్నవాళ్లు టైర్లతో సహా దొర్లారు.

"నేను వెళ్లనేలేదు కదయ్యా, తిరిగి రావడానికి!" అని బాదుడు అరిచాడు.

"మెల్లగా! వాళ్లకి వినబడుతుంది" అని మేనేజరు కిటికీ మూశాడు. "తిరిగొచ్చినవాడికే నాయనా చప్పట్లు. ఉన్నచోటే ఉన్నవాడికి ఎవడైనా కొడతాడా? పాతికేళ్లలో నీకెవడైనా కొట్టాడా?"

ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి ఆ మేనేజరు. అతని మాటకు విలువేముంది అనుకుందామంటే, ఆ ఒక్కమాటా నిజమే. బాదుడు గోడ గడియారం వైపు చూశాడు. నాలుగూ అయిదు.

ఇంటికి వెళ్లేసరికి మామగారు బల్ల శుభ్రంగా తుడిచి, పెన్సిలు చెక్కుకుంటున్నారు. "చీటీ రాలేదు. పుస్తకం వెళ్లిపోయింది. ఫుట్‌నోటు కూడా పడింది" అన్నారు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "చిన్న అక్షరాల్లోనే పడింది లెండి" అన్నారు. ఓదార్చడం అంటే ఆయనకు అంతవరకే వచ్చు.

రాత్రి భోజనాల దగ్గర భార్య అతని అరచేయి తీసుకుని, కర్రలు పట్టి పట్టి కాయలుకాసిన చోట వేలితో రాసింది. "శనివారం నేనూ వస్తున్నాను. నాన్నగారూ వస్తున్నారు. ముందు వరుసలో కూర్చుంటాం. ఆ ఇత్తడి పళ్లేలు కాస్త కిందికి దించండి."

"అంటే నీకూ నమ్మకం లేదన్నమాట!"

"నమ్మకం ఉందండీ" అంది. "పద్దెనిమిదేళ్లు నమ్మాను. ఒక్కసారి చూడాలని ఉంది."

శనివారం సాయంత్రం ఆరింటికి హాలు నిండిపోయింది. డ్రమ్ములు కాస్త ముందుకు జరిపారు. సింబల్స్ దించారు. జులపాలు జుట్టును బాదుడి భార్యే పట్టుబట్టి రబ్బరుబ్యాండుతో కట్టించింది. ఆ అవమానం భరించలేక అతను మొదటి పాట ఒక శ్రుతి తగ్గించి పాడాడు. ముందు వరుసలో భార్య, ఒళ్లో పుస్తకంతో మామగారు, ల్యాబువాళ్లు ఎనిమిదిమంది, వాళ్ల పక్కనే స్టాప్‌వాచీతో ఇన్‌స్పెక్టరు.

బాదుడు వాయించాడు. కసిగా వాయించాడు, ఒక్క దెబ్బ అటూ ఇటూ పోకుండా వాయించాడు. పాట అయిపోయింది. చప్పట్లు లేవు, గుసగుసలు లేచాయి. "చూశావా, అణువంత తేడా లేదు." "ఊరికే చేతులాడిస్తున్నాడురా, యంత్రాన్ని వెనకాల దాచారు." రెండో పాట ఇంకా బాగా వాయించాడు. అది ఇంకా కొంప ముంచింది. హాలంతా "యంత్రం! యంత్రం!" అని కేకలు. వాళ్ల దుంపతెగ, ఆ కేకలు కూడా అతని దరువుకే సరిగ్గా పడుతున్నాయి.

జులపాలు వెనక్కి తిరిగాడు. "ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను, ఒక్క దెబ్బ తప్పు వెయ్యరా! జనం నమ్ముతారు!"

"చచ్చినా వెయ్యను! వాళ్లు నమ్మకపోతే గంగలో దూకమను!"

మూడో పాట సగంలో ఉండగా ఇన్‌స్పెక్టరు లేచాడు. స్టాప్‌వాచీలో మళ్లీ సున్నా తేడా. ఇరవై ఏళ్లు దొంగత్రాసుల్ని పట్టుకున్న మనిషి, ఇక కూర్చోలేకపోయాడు. వేదిక పక్కకు వెళ్లి, లావుపాటి నల్లతీగను పట్టుకుని దాని వెంటే నడిచి, మైకులకూ వాద్యాలకూ కరెంటు పోయే పెద్ద స్విచ్చు దగ్గర ఆగాడు. "ఇప్పుడు తేలిపోతుంది!" అని ఒక్క గుంజు గుంజాడు.

దీపాలు వేరే లైను మీద ఉన్నాయి, అవి వెలుగుతూనే ఉన్నాయి. గిటారు ఆగిపోయింది. కీబోర్డు మూగబోయింది. జులపాలు నోరు తెరిచి మూస్తున్నాడు కానీ రెండో వరుసకు కూడా ఏమీ వినబడటం లేదు. ఆ హాల్లో మిగిలింది డ్రమ్ములొక్కటే. అంత పెద్ద హాల్లో, ఏ తీగా లేకుండా, ఒక మనిషి రెండు చేతులూ రెండు కాళ్లూ చేస్తున్న చప్పుడు. కీబోర్డు వాయించేవాడు ఇరవై ఒక్కేళ్లలో మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు.

ముందు బాదుడి భార్య లేచి నిలబడింది. తర్వాత ల్యాబువాళ్లు లేచారు. మామగారు ఒళ్లో పుస్తకం కిందపడినా చూసుకోకుండా లేచారు. "మనిషే! మనిషేరా!" అని ఎవరో అరిచారు. హాలు మొత్తం లేచింది. ఆ చప్పట్లు జులపాలువి కావు, పాటవి కావు, తనవి. బాదుడు భార్య మొహం చూశాడు. ఏడుస్తూ నవ్వుతోంది. మధ్యలో ఇత్తడీ లేదు, జుట్టూ లేదు. అతని గుండె ఒక్కసారి పొంగింది, దాంతో చేతులు పరుగందుకున్నాయి. పాతికేళ్లలో మొదటిసారి దరువు అతని చెయ్యిదాటి ముందుకెళ్లిపోయింది. అతనికి ఆ ధ్యాసే లేదు. ఎడంచేతి కర్ర జారి నాలుగో వరుసలో పడింది. జేబులోంచి ఇంకోటి లాగి, ఇంకా వేగంగా వాయించాడు. ఇన్‌స్పెక్టరు ముక్కు చీదుకుంటూ స్విచ్చు మళ్లీ వేశాక మిగతా ముగ్గురూ అతని వెనక పరిగెత్తలేక పరిగెత్తారు. నాలుగు నిమిషాల పాట మూడు నిమిషాల్లో ముగిసింది.

కచేరీ అయ్యాక పక్కగుమ్మం దగ్గర జనం బాదుణ్ణి చుట్టుముట్టారు. అందరూ సంతకాలు అడిగారు. జన్మలో అతను సంతకం పెట్టింది కొరియరువాడికే. జనం పలచబడ్డాక, చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరికొచ్చాడు.

"ఏమీ అనుకోనంటే ఒక్కమాట చెబుతాను బాబూ. బాగానే వాయించారు. మనిషన్నాక ఆమాత్రం తొందర ఉంటుంది, తప్పులేదు. కానీ ఆ యంత్రం ఉంది చూశారూ..." ఆయన చేతికర్రతో నేలమీద మెల్లగా తట్టాడు. "కాలు విరిగి ఆర్నెల్లు మంచంలో ఉన్నాను. లేచాక ఆ రికార్డులు పెట్టుకునే మళ్లీ నడక నేర్చుకున్నాను. రోజూ దాని దరువుకే అడుగు వేసేవాణ్ణి. ఒక్కరోజు తప్పుదారి పట్టించలేదు, ఒక్క అడుగు తొందరపెట్టలేదు. నిజం చెప్పాలంటే మీరు దాని కాలిగోటికి చాలరు బాబూ."

భార్య ఏదో అనబోయింది. బాదుడు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. మూడురోజులుగా ఊరందరిమీదా మండుతున్న కోపం ఇప్పుడు మళ్లీ లేచింది. కానీ ఈసారి అది ఈ పెద్దాయన మీద కాదు, ఇందాక వేదిక మీద అదుపు తప్పి పరిగెత్తినవాడి మీద.

"నిజమేనండీ, దాని పనితనం నాకు రాదు" అన్నాడు.

"అయితే దాన్నేం చేశారు? అమ్మేశారా?" అన్నాడు పెద్దాయన ఆదుర్దాగా.

"అబ్బే, ఇంట్లోనే ఉందండీ" అన్నాడు బాదుడు. "వచ్చే శుక్రవారం నుంచి మళ్లీ అదే వాయిస్తుంది."